రోబో సహాయంతో గుండె బైపాస్ ఆపరేషను – ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు



యాంజియోగ్రామ్ చేసిన తరువాత "నాళాలు పూడుకుపోయాయి, బైపాస్ చేయాలి" అని డాక్టరుగారు చెప్పగానే ఇంటిల్లిపాదికీ కాళ్ళ క్రింద భూమి కదిలినట్లవుతుంది. ఆ సాయంత్రమే బంధువులలో ఎవరో ఒకరు ఫోను చేసి, "ఛాతీ కోయకుండా రోబోతో చేస్తున్నారట కదా! నాలుగు రోజులలో ఇంటికి పంపిస్తారట. అది ఎందుకు చేయించరు?" అంటారు. మరునాడు ఉదయానికి ఆ మాట మా నర్సుల దగ్గరకు వస్తుంది. "సిస్టరమ్మా, మా నాన్నగారికి రోబో ఆపరేషను అయితే మంచిదా? ఎకరం అమ్మయినా చేయిస్తాం" అని అడిగేవారున్నారు. మామూలు ఆపరేషను చేయిస్తే తండ్రికి తక్కువ చేసినట్లవుతుందేమోనని లోలోపల బాధపడే కొడుకులూ ఉన్నారు.

ఈ పాఠం అటువంటివారి కోసం వ్రాస్తున్నాను. రోబో ఆపరేషను మంచిదే. కాని అది అందరికీ సరిపడదు. సరిపడనివారికి మామూలు బైపాస్ చేయిస్తే వారికి ఏమీ తక్కువ చేసినట్లు కాదు. ఎందుకో తెలియాలంటే ముందుగా బైపాస్ సంగతి కొంచెం అర్థం చేసుకోవాలి.

బైపాస్ అంటే ఏమిటి?

గుండె మన పిడికిలి అంత ఉంటుంది. ఒళ్ళంతటికీ రక్తాన్ని పంపే ఈ కండరానికి కూడా రక్తం కావాలి. ఆ రక్తాన్ని ఇచ్చే నాళాలు గుండె పైన తీగల్లా అల్లుకొని ఉంటాయి. వీటిని కరోనరీ ధమనులు అంటారు. కుడివైపున ఒకటి ఉంటుంది. ఎడమవైపున ఒక మొదలు ఉండి అది రెండు కొమ్మలుగా చీలుతుంది. గుండె ముందు భాగం మీదుగా క్రిందికి దిగే కొమ్మను ఎల్.ఎ.డి. అంటారు. ప్రక్కనుండి వెనుకకు చుట్టి వెళ్ళేది సర్కమ్‌ఫ్లెక్స్. రిపోర్టులో "ట్రిపుల్ వెసెల్ డిసీజ్" అని ఉంటే కుడిది, ఈ రెండు కొమ్మలు, మూడింటిలోనూ అడ్డు ఉన్నదని అర్థం. "లెఫ్ట్ మెయిన్" అని ఉంటే ఎడమవైపు మొదట్లోనే అడ్డు పడిందని అర్థం. అటువంటప్పుడు ఆలస్యం చేయకూడదు.

వీటిలో ఎల్.ఎ.డి. అనే పేరును బాగా గుర్తుంచుకోండి. గుండెలో ఒళ్ళంతటికీ రక్తం కొట్టే ఎడమ గది ముందు గోడకు రక్తం ఇచ్చేది ఇదే. రోబో ఆపరేషను కథ అంతా దాదాపు ఈ ఒక్క నాళం చుట్టూనే తిరుగుతుంది.

పంట కాలువలో ఒకచోట పూడిక పడి నీరు ఆగిపోతే మనం ఏమి చేస్తాము? పైనుండి ఒక పిల్ల కాలువ తీసి, పూడికను దాటించి, క్రింద మళ్ళీ అదే కాలువలో కలుపుతాము. పూడిక ఎక్కడిదక్కడే ఉంటుంది, నీరు మాత్రం ప్రక్కదారిన పారుతుంది. బైపాస్ కూడా అంతే. అడ్డును తీసివేయరు. దాన్ని దాటించి రక్తానికి కొత్త దారి వేస్తారు. ఆపరేషను అయిపోయింది కాబట్టి జబ్బు పోయిందనుకొని మందులు మానేసేవారు ఈ ఒక్క సంగతిని మరచిపోతున్నారు.

కొత్త దారికి నాళం ఎక్కడనుండి తెస్తారు? రోగి శరీరం నుండే. సాధారణంగా కాలినుండి తీస్తారు. మనవాళ్ళు "కాలి నరం తీశారు" అంటారు గాని అది నరం కాదు, చర్మం క్రింద ఉండే సిర, అనగా చెడు రక్తాన్ని పైకి తీసుకువెళ్ళే నాళం. దానివలన కాలు చచ్చుబడదు. కొన్ని వారాలు వాపు ఉండవచ్చు, అంతే. కొందరికి ముంజేతి ధమనిని వాడతారు. వీటన్నిటికన్నా మేలైనది ఛాతీ గోడకు లోపలివైపు, రొమ్ము ఎముక ప్రక్కగా దిగే ధమని. ఎడమవైపు దానిని డాక్టర్లు "లిమా" అంటారు. దీని పై చివరను అలాగే ఉంచి, క్రింది చివరను విడదీసి, అడ్డు దాటిన చోట ఎల్.ఎ.డి.కి కుడతారు. ఇలా కుట్టినవి 10 సంవత్సరాల తరువాత కూడా నూటికి 90కి పైగా తెరుచుకొని ఉంటున్నాయి. కాలి సిరలు అదే కాలానికి సుమారు సగం మూసుకుపోతున్నాయి. ఎల్.ఎ.డి.కి లిమా వేసినవారు ఎక్కువకాలం బ్రతుకుతున్నారని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ డాక్టర్లు 1986లోనే ప్రకటించారు. డాక్టరుగారిని "పెద్ద కోతా, చిన్న కోతా?" అని అడిగే ముందు "ఎల్.ఎ.డి.కి లిమా వేస్తున్నారా?" అని అడగండి. మీవారి రాబోయే పదేళ్ళకు ఎక్కువగా సంబంధించిన ప్రశ్న ఇదే.

మామూలు బైపాస్ ఎలా చేస్తారు?

రొమ్ము మధ్యగా చర్మం కోసి, రొమ్ము ఎముకను నిలువుగా రంపంతో విడదీసి, గుండెను కళ్ళెదుట పెట్టుకొని చేసే ఆపరేషను ఇది. గుండె పనిని, ఊపిరితిత్తుల పనిని కాసేపు ఒక యంత్రానికి అప్పగించి, గుండెను ఆపి కుట్టడం ఒక పద్ధతి. ఆ యంత్రాన్ని మొదటిసారి 1953లో జాన్ గిబ్బన్ అనే అమెరికా డాక్టరు మనిషిపై విజయవంతంగా వాడారు. గుండె కొట్టుకుంటూ ఉండగానే, కుట్టవలసిన చోటును మాత్రం కదలకుండా పట్టి ఉంచి కుట్టడం రెండవ పద్ధతి. మన దేశంలో చాలామంది సర్జన్లు ఈ రెండవ పద్ధతినే అనుసరిస్తున్నారు. చివరకు ఎముకను స్టీలు తీగలతో బిగించి కట్టివేస్తారు. ఆ తీగలు జీవితాంతం లోపలే ఉంటాయి, భయపడవద్దు.

ఈ పద్ధతిలో సర్జనుగారు గుండెలోని ఏ వైపు నాళాన్నయినా అందుకోగలరు. మూడు నాళాలకూ, అవసరమైతే నాలుగైదు చోట్ల కూడా ఒకేసారి బైపాస్ వేయగలరు. మన రాష్ట్రాలలో ఎన్నో వేలమంది ఈ ఆపరేషను చేయించుకొని, పొలం పనులు చేసుకుంటూ, మనవళ్ళ పెళ్ళిళ్ళు చూసుకుంటూ ఉన్నారు. ఇబ్బంది ఎక్కడంటే ఎముక దగ్గర. విరిగిన ఎముక అతుక్కున్నట్లే ఇదీ అతుక్కోవాలి. దానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. అంతవరకు బరువులు ఎత్తకూడదు, బిందె మోయకూడదు, చేతులమీద బలం పెట్టి లేవకూడదు. దగ్గు వస్తే దిండును రొమ్ముకు హత్తుకొని దగ్గాలి. షుగరు వ్యాధి, స్థూలకాయం ఉన్నవారికి కొద్దిమందిలో ఆ ఎముకకే చీము పడుతుంది. అది జరిగితే వారాల తరబడి ఆసుపత్రిలో ఉండవలసి వస్తుంది. ఈ ఎముకను కోయకుండా పని జరిగే దారి ఉన్నదా అని డాక్టర్లు వెదకడంలోనే రోబో పద్ధతి పుట్టింది.

రోబో ఎలా వచ్చింది?

నిజానికి ఎముక కోయకుండా గుండె నాళానికి కుట్టడం మరీ కొత్త సంగతి కాదు. 1964లో రష్యాలోని లెనిన్‌గ్రాడ్‌లో వసిలి కొలెసోవ్ అనే సర్జన్ ఎడమ పక్కటెముకల మధ్యనుండి వెళ్ళి, కొట్టుకుంటున్న గుండెపైనే ఛాతీ ధమనిని కుట్టారు. తరువాత 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనే ఫవలోరో అనే అర్జెంటీనా డాక్టరు కాలి సిరతో చేసిన పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది. రొమ్ము ఎముక తెరవడమే అందరికీ అలవాటయింది. పక్కటెముకల సందులోనుండి చూపూ చేయీ సరిగా ఆనవు కాబట్టి మొదటి దారి చాలాకాలం వెనుకబడింది.

చిన్న రంధ్రం గుండా కూడా చూపు, చేయి రెండూ బాగా పనిచేసేలా యంత్రం వచ్చిన తరువాత ఆ దారి మళ్ళీ తెరుచుకుంది. 1998లో ఫ్రాన్సు దేశంలోని పారిస్‌లో డాక్టర్ అలెన్ కార్పెంటియర్, డాక్టర్ డిడియే లుల్మే బృందం రోబో సహాయంతో పూర్తిగా రంధ్రాల గుండానే బైపాస్ చేశారు. వారు వాడినది అమెరికాలోని ఇంట్యూటివ్ సర్జికల్ అనే కంపెనీ తయారుచేసిన యంత్రం. డావిన్చి అనే పేరుతో దానికి 2000లో అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చింది. మన దేశంలో 2002లో ఢిల్లీలోని ఎస్కార్ట్స్ హార్ట్ ఇనిస్టిట్యూట్‌లో రోబోతో గుండె ఆపరేషన్లు మొదలయ్యాయి. ఇప్పుడు మన దేశంలో తయారైన యంత్రం కూడా ఉన్నది. దాని పేరు మంత్ర. 2025 జనవరిలో డాక్టర్ సుధీర్ శ్రీవాస్తవ గురుగ్రామ్‌లో కూర్చొని, 286 కిలోమీటర్ల దూరంలో జైపూర్ ఆసుపత్రిలో ఉన్న రోగికి ఈ యంత్రంతో గుండె ఆపరేషను చేశారు. జైపూర్‌లో రోగి ప్రక్కన మరొక బృందం సిద్ధంగా నిలబడి ఉన్నదనుకోండి.

ఇంతకీ ఆపరేషను చేసేది ఎవరు?

రోబో అనగానే సినిమాలో చూసిన మరమనిషి కత్తి పట్టుకొని వచ్చినట్లు కొందరు ఊహించుకుంటారు. ఒక పెద్దావిడ నన్ను "కరెంటు పోతే మా ఆయన గతి ఏమిటమ్మా?" అని అడిగారు. మంచి ప్రశ్నే అడిగారు! యంత్రానికి బ్యాటరీ ఉంటుంది, థియేటరుకు జనరేటరు ఉంటుంది, అవసరమైతే చేతులను ప్రక్కకు తీసి మామూలు పద్ధతిలో పూర్తిచేయడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు.

ఈ యంత్రం తనంతట తాను ఏ పనీ చేయదు. సర్జనుగారు రోగికి కొన్ని అడుగుల దూరంలో ఒక బల్లవంటి దాని ముందు కూర్చుంటారు. లోపల పెట్టిన కెమేరా చూపే బొమ్మ వారికి సుమారు పదింతలు పెద్దదిగా, లోతు తెలిసేటట్లుగా కనిపిస్తుంది. వారి వేళ్ళు రెండు పిడులలో ఉంటాయి. వారు చేయి తిప్పితే రోగి ఛాతీలో ఉన్న సన్నని పరికరం కొస అలాగే తిరుగుతుంది. మన మణికట్టు ఎలా వంగుతుందో ఆ కొస కూడా అలా వంగుతుంది. చేతికి సహజంగా ఉండే చిన్న వణుకును యంత్రం వడగట్టేస్తుంది. సర్జనుగారు చేయి తీసేస్తే పరికరమూ ఆగిపోతుంది. రోగి మంచం ప్రక్కన ఇంకొక సర్జను, మత్తు డాక్టరుగారు, నర్సులు ఎప్పుడూ ఉంటారు. కుట్టు మిషను బాగున్నంత మాత్రాన జాకెట్టు బాగా రాదు కదా, కుట్టే మనిషికి పని తెలియాలి. ఇక్కడా అంతే.

ఒక లోటు కూడా చెప్పాలి. ఇప్పటివరకు గుండె ఆపరేషన్లకు వాడుతూ వచ్చిన యంత్రాలలో సర్జనుగారి వేళ్ళకు స్పర్శ సరిగా తెలియదు. నాళం మెత్తగా ఉన్నదా, సున్నం పట్టి గట్టిగా ఉన్నదా అనేది చేతితో తడిమితే తెలిసినట్లు తెలియదు. చూపుతోనే గ్రహించాలి. దీనికి చాలా అభ్యాసం కావాలి.

థియేటరు లోపల ఏమి జరుగుతుంది?

బయట బెంచీమీద కూర్చున్నవారికి ఆ నాలుగైదు గంటలు నాలుగైదు రోజులుగా గడుస్తాయి. లోపల ఏమి జరుగుతున్నదో తెలిస్తే మనసు కొంత నిలకడగా ఉంటుంది.

మొదట గంటసేపు మత్తుకే పోతుంది. పూర్తిగా మత్తు ఇచ్చి, గొంతులో ట్యూబు వేస్తారు. ఈ ఆపరేషనుకు వేసే ట్యూబు ప్రత్యేకమైనది. దాని ద్వారా కుడి ఊపిరితిత్తికి మాత్రమే గాలి పంపి, ఎడమ ఊపిరితిత్తిని కాసేపు ముడుచుకోనిస్తారు. అప్పుడే ఎడమ ఛాతీలో పనిచేయడానికి చోటు దొరుకుతుంది. తరువాత రోగి ఎడమ ప్రక్కను కొద్దిగా ఎత్తుగా పెట్టి, పక్కటెముకల మధ్య వ్రేలు పట్టేంత రంధ్రాలు మూడు చేస్తారు. ఒకదానిలో కెమేరా, రెండింటిలో పరికరాలు. లోపల చోటు విశాలం కావడానికి కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపుతారు.

ఇక అసలు పని. ఛాతీ గోడకు అంటుకొని ఉన్న లిమా ధమనిని చుట్టూ ఉన్న కణజాలంనుండి మెల్లమెల్లగా విడదీస్తారు. దానికి పుట్టే చిన్నచిన్న కొమ్మలను ఒక్కొక్కటిగా మూసివేస్తూ జానెడు పొడవునా రావాలి. ఇక్కడ తొందరపడితే అంత మేలైన ధమనీ పాడవుతుంది. ఆపరేషను ఆలస్యమవుతున్నదని మీరు కంగారుపడే సమయంలో చాలావరకు జరుగుతున్నది ఈ పనే.

తరువాత గుండె చుట్టూ ఉన్న సంచిని తెరిచి ఎల్.ఎ.డి.ని గుర్తిస్తారు. ఇక్కడనుండి రెండు దారులున్నాయి. ఎక్కువ చోట్ల అనుసరించే దారిలో ఎడమ రొమ్ము క్రింద రెండు మూడు అంగుళాల కోత పెట్టి, పక్కటెముకల సందులోనుండి సర్జనుగారు తమ చేతితోనే కుడతారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కుట్టే చోటు మాత్రం ఒక చిన్న పరికరంతో నిలిపి ఉంచుతారు. రెండవ దారిలో ఆ కోత కూడా లేకుండా రంధ్రాల గుండానే రోబో చేతులతో కుడతారు. ఇది మరింత కష్టమైనది, చేసేవారు ప్రపంచంలోనే కొద్దిమంది. కుట్టే నాళం వెడల్పు ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు. వాడే దారం తలవెంట్రుక కన్నా సన్నగా ఉంటుంది. కుట్టిన తరువాత కొత్త దారిలో రక్తం ఎంత పారుతున్నదో కొలిచి చూసి, ఊపిరితిత్తిని మళ్ళీ విప్పారజేసి, లోపల చేరే నీరు, రక్తం బయటకు రావడానికి ఒక గొట్టం పెట్టి కుట్లు వేస్తారు.

ఎవరికి సరిపడుతుంది? ఎవరికి సరిపడదు?

ఎల్.ఎ.డి. ఒక్కదానిలోనే అడ్డు ఉండి, స్టెంటు వేయడానికి అనుకూలంగా లేనివారికి ఇది చక్కగా సరిపడుతుంది. రెండు మూడు నాళాలు పూడినవారిలో కొందరికి హైబ్రిడ్ అనే పద్ధతి ఉన్నది. అందులో ఎల్.ఎ.డి.కి రోబో సహాయంతో లిమా వేస్తారు, మిగిలిన నాళాలకు స్టెంట్లు వేస్తారు. రెండూ ఒకేరోజు గాని, కొన్ని రోజుల తేడాతో గాని జరుగుతాయి. గుండెకు వెనుకవైపు ఉన్న నాళాలకు రోబోతో కుట్టడం సాధ్యమే గాని కష్టం.

ఇక సరిపడనివారు. గుండెపోటుతో అత్యవసరంగా ఆపరేషను చేయవలసినవారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవారు. ఒక ఊపిరితిత్తితో గంటలు గడపాలి కదా, ఏళ్ళ తరబడి బీడీ, చుట్ట త్రాగినవారు చాలామంది ఈ పరీక్ష దగ్గరే ఆగిపోతారు. ఇదివరకు ఎడమ ఛాతీలో ఆపరేషను గాని, రేడియేషను గాని జరిగినవారు. గుండె బలం మరీ తగ్గిపోయినవారు. మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసినది క్షయవ్యాధి. ఎప్పుడో చిన్నప్పుడు టి.బి. వచ్చి తగ్గినా, ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కొని ఉండవచ్చు. అప్పుడు అది ముడుచుకోదు, లోపల చోటు దొరకదు. కాబట్టి పాత టి.బి. సంగతి, ప్రక్కలో నీరు తీసిన సంగతి సిగ్గుపడి దాచవద్దు. ముఖ్యంగా ఆడవారి విషయంలో పుట్టింటి నాటి జబ్బును అత్తింటివారి ముందు చెప్పరు. ప్రక్కకు పిలిచి చెప్పినా చాలు, మేము డాక్టరుగారికి అందజేస్తాము.

సమ్మతి పత్రం మీద సంతకం చేసేటప్పుడు ఒక వాక్యం చదివి చాలామంది ఉలిక్కిపడతారు. అవసరమైతే రొమ్ము ఎముక తెరిచి ఆపరేషను పూర్తిచేయడానికి అంగీకరిస్తున్నాము అని దానిలో ఉంటుంది. లిమా దెబ్బతిన్నా, రక్తస్రావం ఆగకపోయినా, ఎల్.ఎ.డి. కండరంలో లోతుగా దాగి దొరకకపోయినా అలా చేస్తారు. రోగి ప్రాణం కోసం సరైన సమయంలో తీసుకునే నిర్ణయమది. "రోబో అని చెప్పి డబ్బు కట్టించుకొని మామూలుగా కోశారు" అని ఆ తరువాత గొడవపడే కుటుంబాలను చూశాము. ఆ వాక్యాన్ని ముందుగానే మరొకసారి చదివి, అర్థం కాకపోతే అడిగి, ఇంటిలోని పెద్దవారందరికీ చెప్పి సంతకం చేయండి.

లాభమెంత, ఖర్చెంత?

ఎముక కోయరు కాబట్టి అది అతుక్కునే బాధ లేదు, దానికి చీము పట్టే భయం లేదు. షుగరు వ్యాధి ఉన్నవారికి ఇది నిజంగా మేలు. రక్తం ఎక్కించవలసిన అవసరం తగ్గుతుంది. సాధారణంగా మూడు నాలుగు రోజులలో ఇంటికి పంపుతారు, రెండు నాలుగు వారాలలో తేలికపాటి పనులకు వెళ్ళవచ్చు. రోజు కూలీమీద బ్రతికే ఇంటికి రెండు నెలల ముందే పనిలోకి వెళ్ళడం చిన్న విషయం కాదు. నొప్పి అసలు ఉండదని మాత్రం ఎవరైనా చెబితే నమ్మవద్దు. పక్కటెముకల మధ్య నరాలు ఉంటాయి. మొదటి రెండు మూడు రోజులు అక్కడ నొప్పి గట్టిగానే ఉంటుంది.

ఆయుర్దాయం సంగతి ఏమిటి? రోబోతో చేయించుకున్నవారు మామూలు బైపాస్ చేయించుకున్నవారికన్నా ఎక్కువకాలం బ్రతుకుతారని ఇంతవరకు రుజువు కాలేదు. కాకూడదని కాదు గాని, లోపల కుట్టేది అదే లిమా, అదే ఎల్.ఎ.డి. తేడా అంతా అక్కడికి చేరే దారిలోనే ఉన్నది. అందుచేత పొలం అమ్మాలా అని అడిగే కుటుంబాలకు నా మాట ఒక్కటే. మీవారికి ఇది సరిపడుతుందని డాక్టరుగారు చెప్పి, డబ్బుకు వెసులుబాటు ఉంటే చేయించండి. దీనికోసం ఉన్న ఎకరం అమ్మవద్దు. ఆ తరువాత ఏళ్ళ తరబడి కొనవలసిన మందులు ఉన్నాయి, పిల్లల చదువులు ఉన్నాయి.

యంత్రం ఖరీదు కోట్లలో ఉంటుంది. దాని పరికరాలు కొన్నిసార్లు వాడగానే పారవేయాలి. అందువలన మామూలు బైపాస్ కన్నా బిల్లు ఎక్కువవుతుంది. ఆంధ్రలో గాని తెలంగాణలో గాని ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉన్నవారికి మామూలు బైపాస్ దాని క్రింద జరుగుతుంది. రోబో అదనపు ఖర్చు దానిలో వస్తుందో రాదో ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ప్రైవేటు బీమా ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. 2019లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం రోబో ఆపరేషన్లను పాలసీనుండి పూర్తిగా తీసివేయకూడదు, కాని కంపెనీ కొంత పరిమితి పెట్టవచ్చు. మీ పాలసీలో ఆ పరిమితి ఎంత ఉన్నదో చేరకముందే చూసుకోండి.

రోబో యంత్రాలు హైదరాబాదు వంటి నగరాలలో పెద్ద ఆసుపత్రులలో ఉన్నాయి. అయితే వాటిని ఎక్కువగా ప్రోస్టేట్, మూత్రపిండాలు, గర్భసంచి, ప్రేగుల ఆపరేషన్లకు వాడుతారు. గుండెకు వాడే సర్జన్లు తక్కువ. "మా దగ్గర రోబో ఉన్నది" అనే బోర్డు చూసి సంతృప్తి పడవద్దు. "డాక్టరుగారూ, రోబోతో గుండె బైపాస్‌లు మీరు స్వయంగా ఎన్ని చేశారు? ఎంతమందికి మధ్యలో ఎముక తెరవవలసి వచ్చింది?" అని మర్యాదగా అడగండి. అనుభవమున్న సర్జను ఈ ప్రశ్నకు కోపగించుకోరు. మామూలు బైపాస్‌లు వందలు చేసిన చేయి దగ్గరలో ఉండగా, రోబో మొన్ననే వచ్చిన చోటికి పరుగెత్తవలసిన పని లేదని నా అభిప్రాయం.

ఇంటివారు చేయవలసినవి

ఆపరేషను తేదీ ఖాయమైన రోజునుండే బీడీ, సిగరెట్టు, చుట్ట పూర్తిగా మానిపించాలి. దొంగచాటుగా ఒకటి తెచ్చి ఇచ్చే బావమరదులు ఉంటారు, వారిమీద కన్నేసి ఉంచండి. మూడు బంతులున్న ఊపిరి పరికరం ఇస్తే రోజూ సాధన చేయించండి. ఎడమ ఊపిరితిత్తి ముడుచుకొని మళ్ళీ తెరుచుకోవాలి కాబట్టి ఈ ఆపరేషనులో దాని అవసరం ఇంకా ఎక్కువ. క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలచబరచే మాత్రలను ఆపరేషనుకు ముందు సాధారణంగా 5 రోజులు ఆపిస్తారు. ఏ మాత్ర ఎప్పుడు ఆపాలో డాక్టరుగారే చెప్పాలి. మందుల షాపువారి మాట విని మీరే ఆపవద్దు.

ఐ.సి.యు.లో మీవారిని మొదటిసారి చూసినప్పుడు గొంతులో ట్యూబు, మెడలో సూదులు, ప్రక్కన గొట్టం ఉంటాయి. చిన్న కోతే అన్నారు, ఇన్ని ట్యూబులెందుకని భయపడవద్దు. కోత చిన్నదైనా లోపల జరిగింది గుండె ఆపరేషనే. నోరు ఎండిపోయి మంచినీళ్ళు అడుగుతారు. జాలిపడి తాగించవద్దు, సిస్టర్ చెప్పేవరకు ఆగండి.

ఇంటికి వెళ్ళిన తరువాతే అసలు జాగ్రత్త. పెద్ద కోత ఉన్నవాడు తన కోతను చూసుకొని తానే జాగ్రత్తగా ఉంటాడు. రోబో ఆపరేషను అయినవారికి అద్దంలో చూసుకుంటే నాలుగు చిన్న మచ్చలు తప్ప ఏమీ కనబడవు. పదవరోజున మోటారు సైకిలు తీస్తారు, ఎరువు బస్తా ఎత్తుతారు, నెల తిరిగేసరికి "నాకేమీ లేదు" అని మాత్రలు మానేస్తారు. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర సాధారణంగా జీవితాంతం వాడాలి. హైబ్రిడ్ పద్ధతిలో స్టెంటు వేయించుకున్నవారు రక్తం పలచబరచే రెండు మాత్రలనూ డాక్టరుగారు చెప్పినంతకాలం ఒక్కరోజు కూడా తప్పకూడదు. తప్పితే స్టెంటులో గడ్డ కట్టి ప్రాణానికే ముప్పు రావచ్చు. మాత్రల డబ్బా బాధ్యత ఇంటిలో ఒక్కరే తీసుకోండి. "నువ్వు ఇచ్చావనుకున్నాను" అనే మాట వినపడని ఇంటిలో మందులు తప్పవు.

బండి నడపడం, బరువు ఎత్తడం, పొలానికి వెళ్ళడం ఎప్పటినుండో డిశ్చార్జి కాగితం మీద వ్రాయించుకోండి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడి చీము కారినా, ఆయాసం పెరిగినా, గుండె దడదడలాడి ఆగకపోయినా వెంటనే ఆపరేషను చేసిన ఆసుపత్రికి ఫోను చేయండి. మళ్ళీ ఛాతీలో బరువుగా నొప్పి, చెమటలు వస్తే ఫోనులో సలహాల కోసం ఆగకుండా 108కి కబురు చేసి, డిశ్చార్జి కాగితం, యాంజియోగ్రామ్ సి.డి. వెంట తీసుకొని బయలుదేరండి. ఆ రెండూ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట తగిలించి ఉంచండి.